రంగునీళ్లు తాగే చెట్లు

మా రంగుల షెడ్డు వెనక గులకరాళ్లు నింపిన గుంటలో జమ్ము, మెట్టతామర, వట్టివేరు పెరుగుతాయి. పట్టునూలుకు రంగేశాక మిగిలిన నీళ్లు ఒక చివర ఎర్రగా దిగి, వేళ్ల మధ్య నిద్రలో నడిచినట్టు నడిచి, రెండో చివర ఇంచుమించు తెల్లగా బయటికొస్తాయి. పొద్దున్నే ఆ గట్టు మీద కూర్చుంటే నాకు వంట సంగతి గుర్తుండదు. ఒంటిమిట్ట చుట్టుపక్కల ఇంత పచ్చదనం ఇంకెక్కడా లేదని మా ఆయన గొప్పలు పోతాడు. నాటింది నేను, గొప్పలు ఆయనవి.

అయితే ఆ గుంట అందం కోసం తవ్వింది కాదు. అంతకుముందు మా రంగునీళ్లు నేలలోకి ఇంకి, పక్క చేని అక్క బావి ఎర్రబడింది. ఆ బావి కింద ఆమెకు మల్లెతోట ఉంది. గుడికీ దర్గాకూ ఆమె పూలే పోతాయి. "ఈ ఎండాకాలం లోపల నీళ్లు బాగుపడకుంటే తోట పీకేస్తా" అని చెప్పి మాతో మాట మానేసింది. గుంట వేశాక బావి మెల్లగా తేరుకోసాగింది. ఆమె కోపం తేరుకోలేదు.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి మా అత్త ఇంటి తొట్టికి పైపు తగిలించి, తాగడానికి పోయించుకున్న ట్యాంకరు నీళ్లన్నీ గుంటలోకి వదులుతోంది. ముఖం కడిగిన నీళ్లు కూడా పారబోయకుండా కరివేపాకు చెట్టుకు పోసే మనిషి.

"ఏం చేస్తాండావత్తా?" అని అరిచాను.

"దినామూ రంగునీళ్లే తాగుతాండాయి గదమ్మా. వాటి నోరెంత చేదుగా ఉండాదో! ఒక దినమన్నా మంచినీళ్లు తాగనీ."

ఆ నీళ్ల ఉరవడికి, వేళ్ల దగ్గర నిదానంగా తేరుతున్న రంగంతా ఒక్కసారిగా పొర్లి, పక్కనే ఉన్న అక్క చేని కాలువలో పడింది. అత్త అటు చూడనే లేదు. ఊగుతున్న ఆకుల్ని చూసి మురిసిపోతోంది.

అక్క రానే వచ్చింది, చీర అంచు ఎర్రగా తడిసి. నోరు తెరవబోయి ఖాళీ తొట్టి చూసింది, పైపు చూసింది.

"తాగే నీళ్లు పోసినారా వీటికి?"

"పాపం గదమ్మా" అంది అత్త.

అక్క వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఇక తోట పోయినట్టే అనుకున్నాను. ఏడుపొచ్చింది.

పొద్దు వాలేవేళ నెత్తిన బిందెతో మళ్లీ వచ్చింది. బావి చెడినప్పటి నుంచి తాగడానికి ఊళ్లో బోరు దగ్గర పట్టి మోసుకుంటున్న నీళ్లు అవి.

"తోట ఈ ఏడు పీకనులే" అని నాతో అని, బిందె అత్త ముందు దించింది.

"ఇవి నీకు పెద్దమ్మా. శానా ఎండగా ఉండాది. నువ్వు తాగేదాకా నేను ఈడ్నే కూసుంటా. మళ్లా ఆ చెట్లకు పోసేవు!"