బానెట్ మీద పడుకున్న పిల్లి

"వారం రోజులుగా ఈ కారు తాళం కూడా తియ్యలేదమ్మా" అని డ్రిల్ మాస్టారు అంటూ ఉండగానే, వాళ్ళ పిల్లి ప్రహరీ మీంచి దూకి కారు బానెట్ ఎక్కింది. ఒకసారి ఒళ్ళు విరుచుకుంది. ముడుచుకుని పడుకుంది. 2004 డిసెంబరు, ఒక ఆదివారం, పొద్దున్న ఎనిమిదిన్నర కావస్తోంది. జగ్గయ్యపేటలో మంచు ఇంకా పూర్తిగా విడలేదు. ఆ చలిలో ఏ పిల్లీ చల్లటి రేకు మీద కళ్ళు మూసుకుని పడుకోదు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

అప్పటికి నేను నందిగామలో ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ బ్రాంచిలో వెరిఫికేషన్ ఆఫీసర్‌ని. పేరులో ఆఫీసర్ ఉంది గానీ, హోదా ప్రకారం ముందు మేనేజరు, తర్వాత ఇద్దరు ఫీల్డ్ ఆఫీసర్లు, ఆ తర్వాత నేను, నా తర్వాత టీ ఇచ్చే మనిషి. ఎవరైనా పాత బండి కొంటామని లోనుకి వస్తే, ఆ బండి ఉన్న చోటికి వెళ్ళి చూసి, పద్దెనిమిది గడులున్న ఫారం నింపి, తీసుకోవచ్చో లేదో రాయడం నా పని. ఏడేళ్ళు చేశాను. డ్రైవింగ్ మాత్రం ఇప్పటికీ రాదు. ఉద్యోగం మానేసి రెండేళ్ళయినా, బంధువుల్లో ఎవరు కారు చూసుకున్నా నాకే ఫోన్ చేస్తారు. విడివిడిగా చెప్పే ఓపిక లేక, పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను.

ఆ ఆదివారం చూసిన కారు మాత్రం కంపెనీ పని కాదు. అది మా కోసం. మా వారు జగ్గయ్యపేటలో జూనియర్ కాలేజీ లెక్చరర్. మా అమ్మావాళ్ళది పరిటాల. నందిగామ నుంచి ప్రతి ఆదివారం స్కూటర్ మీద నలుగురం వెళ్ళేవాళ్ళం. నాలుగేళ్ళ చింటూ ముందు నిలబడి, ఏడేళ్ళ హారిక మధ్యలో ఇరుక్కుని, నేను వెనకాల ఒక పక్కకి కూర్చుని. హైవే మీద లారీ దాటినప్పుడల్లా స్కూటర్ ఊగేది. కీసర వంతెన వచ్చేసరికి సీటు అంచు రెండు చేతులతో పట్టుకునేదాన్ని. కారు కావాలని ఇంట్లో అందరికంటే ఎక్కువ కోరుకున్నది నేనే. అందుకే ఈ కారులో తప్పులు కనపడకూడదని దేవుడికి దండం పెట్టుకుని మరీ బయల్దేరాను. తప్పులు వెతకడమే ఉద్యోగంగా ఉన్న మనిషి పెట్టుకోవలసిన దండం కాదది.

ఆ ముందు ఆదివారమే పిల్లలు వచ్చి కారులో కూర్చుని చూసి వెళ్ళారు. కిటికీ పక్క సీట్లు ఎవరివో పంచుకున్నారు. ఆ పంపకాల్లో ఒక దెబ్బలాట కూడా అయిపోయింది.

అమ్మేది రిటైరైన డ్రిల్ మాస్టారు. మెళ్ళో విజిల్ ఇంకా వేలాడుతోంది. కారుని నీళ్ళతో కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ముందు నిమ్మకాయలు కట్టి, పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టు వాకిట్లో నిలబెట్టారు. ఆయన భార్య పకోడీలు, కాఫీ తెచ్చారు. ఎదురింటి అరుగు మీద నలుగురు పెద్దమనుషులు ఆయాసపడుతూ, మొహాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. పొద్దుటి నడక నుంచి వచ్చి ఉంటారనుకున్నాను.

మా వారితో, నాతో పాటు మెకానిక్ మస్తాన్ గారు కూడా వచ్చారు. నందిగామలో మా ఆఫీసు తరఫున ఇంజన్లు చూసేది ఆయనే. పిల్లి వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, పకోడీ తీసుకున్నారు.

పిల్లిని లేపి బానెట్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. పాత బండి చూడటానికి వెళ్ళినప్పుడు మొదట చెయ్యాల్సిన పని ఇదే. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్టవుతుందో చూడాలి. ముందే వేడి చేసి పెట్టిన ఇంజను ఎంత చెడ్డదైనా మర్యాదగానే లేస్తుంది.

"వెచ్చగా ఉందేంటండీ?" అన్నాను.

"ఎండ తగిలింది కదమ్మా."

మంచులో సూర్యుడు ఎక్కడున్నాడా అని మస్తాన్ గారు తలెత్తి వెతికారు.

మా వారు నా చెయ్యి గిల్లారు. "సునీతా, పెద్దాయన. ఆఫీసులోలా అడక్కు" అని చెవిలో అన్నారు. నేనూ ఎండేనేమో అనుకున్నాను. కావాలనుకుంటే మనిషి మంచులో కూడా ఎండని చూడగలడు.

తర్వాత సంచీలోంచి హారిక పెన్సిల్ డబ్బా తీశాను. మూతకి అయస్కాంతం ఉండే ప్లాస్టిక్ డబ్బా. గుద్దుకున్న కారుకి సొట్టల్లో లప్పం నింపి పైన రంగు వేస్తారు. అలాంటి చోట అయస్కాంతం అంటుకోదు. ఆఫీసు వాళ్ళు ఇచ్చిన అయస్కాంతం ఎప్పుడో పోయింది. అప్పట్నుంచి కంపెనీ తనిఖీలన్నీ మా అమ్మాయి డబ్బాతోనే జరిగేవి. మూత మీద కుందేలు బొమ్మ. తలుపులు, మడ్‌గార్డులు, డిక్కీ, అన్ని చోట్లా కుందేలు అతుక్కుంది. లప్పం లేదు.

"మీ కుందేలు కూడా ఒప్పుకుందమ్మా" అన్నారు మాస్టారు.

మాస్టారు తాళం తిప్పితే ఇంజను మర్యాదగానే లేచింది. ఆపించి, పెడళ్ళ మీద రబ్బరు చూశాను. మీటర్లో తిరిగింది తక్కువగా ఉండి రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే మీటరు వెనక్కి తిప్పినట్టు. ఇక్కడ రెండూ సరిపోయాయి. మస్తాన్ గారు ఇంజనాయిల్ మూత తీసి లోపలి వైపు వేలుతో రాసి చూశారు. అక్కడ మీగడలా తెల్లగా ఉంటే ఆయిల్లో నీళ్ళు కలిసినట్టు. శుభ్రంగా ఉంది. బండి రిజిస్ట్రేషన్ కాగితాలుండే సీ బుక్కు చూశాను. అప్పు ఉందని చెప్పే ఫైనాన్స్ ముద్ర లేదు, టాక్సు కట్టే ఉంది, పేరు మాస్టారిదే.

మిగిలింది చాసిస్ నంబరు. బండికి పుట్టుమచ్చ లాంటిదది. రేకు మీద గుద్ది ఉంటుంది. పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ని పక్కకి వాల్చి రుద్దితే అంకెలు తేలుతాయి. వాటిని సీ బుక్కుతో పోల్చాలి. బానెట్ ఎత్తాను. నంబరు ఉండవలసిన చోట అరంగుళం మందాన సింధూరం ఉంది.

"ప్రతి మంగళవారం పెడతానమ్మా. పరిటాల స్వామి దగ్గర పూజ చేయించి తెచ్చిన సింధూరం" అన్నారు మాస్టారు, చేతులు జోడిస్తూ.

పిల్లి సంగతి ఎండ అనుకోవచ్చు. నంబరు దాచిన కారుని ఏమనుకోవాలి?

"మస్తాన్ గారూ, కాస్త గోకండి" అన్నాను.

ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. "అమ్మో, మీ స్వామిది మేడం. నేను గోకితే బాగోదు. సార్ గోకుతారు."

"నేనా?" అన్నారు మా వారు. "నాకు వచ్చే వారం ఇన్‌స్పెక్షన్ ఉంది. ఇప్పుడు స్వామితో పెట్టుకోను. నీ ఉద్యోగం, నువ్వే గోకు."

ఇంజనుకి దండం పెట్టుకున్నాను. "స్వామీ, పిల్లల కోసం" అని పైకే అన్నాను. జడలోంచి పిన్ను తీసి గోకడం మొదలుపెట్టాను. ఎదురింటి అరుగు మీది వాళ్ళు లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. పావుగంట పట్టింది. చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. హారిక పెన్సిల్‌తో నంబరు రుద్ది, సీ బుక్కు పక్కన పెట్టి, ఒక్కొక్క అంకే చదివాను. అన్నీ సరిపోయాయి.

"స్వామి దగ్గర దొంగ నంబర్లుండవమ్మా" అన్నారు మాస్టారు నెమ్మదిగా.

నాకు తలెత్తుకోవాలంటే సిగ్గేసింది. అరుగు మీది పెద్దాయనొకరు "ఆడపిల్లయినా గట్టిదే" అన్నారు. అది మెచ్చుకోలో కాదో తెలీలేదు. మా వారు ఇక ఆగేలా లేరు. "మాస్టారూ, మేం తీసుకుంటున్నాం. ఇవాళే మాట అనేసుకుందాం" అన్నారు. నాకూ అడ్డు చెప్పే మొహం లేదు. అలవాటుగా తెచ్చుకున్న ఫారంలో పద్దెనిమిది గడులూ నిండాయి. వెచ్చటి బానెట్ ఒక్కటే మిగిలింది. దానికి ఫారంలో గడి లేదు.

వాళ్ళు మాటల్లో ఉండగా నేను ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాను. చింటూ నా ఒళ్ళో కూర్చుంటాడు. ఇద్దరికీ కలిపి బెల్టు వస్తుందా అని ఒక అనుమానం. ఆ రోజుల్లో మా వైపు బెల్టు పెట్టుకునేవాళ్ళు లేరు. దాన్ని తలుపు పక్కన వేలాడే అలంకారం కిందే చూసేవాళ్ళు. ఎవరైనా పెట్టుకుంటే డ్రైవర్లు నొచ్చుకునేవారు. నా భయాలు నావి కాబట్టి లాగాను. ఒళ్ళో చింటూ ఉన్నట్టు ఊహించుకుని ఇంకాస్త లాగాను. బిగుసుకుంది. రెండు చేతులతో చివరిదాకా లాగాను.

కర్రుమని చప్పుడు చేస్తూ బెల్టు మొత్తం బయటికొచ్చింది. పై సగం నల్లగా ఉంది. కింది సగం ఎండిన ఒండ్రు రంగులో ఉంది. రెంటికీ మధ్య గీత గీసినట్టుంది. దాంతోపాటు గుప్పెడు మట్టి నా చీర మీద రాలింది. ఆ మట్టిలోంచి మినపగుండంత నత్తగుల్ల దొర్లి నా చెప్పు పక్కన పడింది.

"మస్తాన్ గారూ!" అని అరిచాను.

ఆయన వచ్చి నత్తగుల్లని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "మాస్టారూ, ఇదేంటండీ?"

"నత్తే కదా. మా పెరట్లో చాలా ఉంటాయి. ఎక్కి ఉంటుంది."

"ఎక్కి, బెల్టు కూడా పెట్టుకుందాండీ?"

అరుగు మీది పెద్దమనుషుల్లో ఒకరికి నవ్వాగలేదు. కాఫీ గ్లాసులు తియ్యడానికి వచ్చిన మాస్టారి భార్య నత్తని చూసి గ్లాసులు కింద పెట్టేశారు.

"నే చెప్పానా అండీ? పిల్లలున్న వాళ్ళకి దాచి అమ్మొద్దని చెప్పానా?" అని మా వైపు తిరిగారు. "మా తమ్ముడిది మునేటి పక్క ఊరమ్మా. రెండేళ్ళ కిందట అక్కడ పెట్టొస్తే ఏరు పొంగి స్టీరింగ్ దాకా మునిగింది."

"ఒక్క రాత్రేనే!" అన్నారు మాస్టారు.

"ఒక్క రాత్రే. అప్పట్నుంచి తొయ్యకుండా ఏనాడైనా కదిలిందా? ఇవాళ తెల్లారకుండానే ఈయన విజిల్ ఊది వీధి వీధంతా లేపారమ్మా. వన్ టూ, వన్ టూ అంటూ గుడి దాకా తోయించి, స్టార్టు చేసి తెచ్చారు. పాపం, ఈ పెద్దాళ్ళ చేత."

పెద్దమనుషులు నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "రెండు సార్లు తోశాం" అన్నారు ఒకరు నీరసంగా.

మస్తాన్ గారు నాకు విడమరిచి చెప్పారు. సీట్లు మార్చొచ్చు, చాపలు మార్చొచ్చు, ఆయిల్ మార్చొచ్చు. నీళ్ళు దూరిన వైర్లు మాత్రం లోలోపల చిలుమెక్కుతూ ఉంటాయి. అవి ఎప్పుడు ఆగుతాయో ఎవరూ చెప్పలేరు. "కీసర వంతెన మీద, వెనకాల లారీ ఉన్నప్పుడు లైట్లూ ఇంజనూ ఒక్కసారే పోతే?" అన్నారు. అంతకంటే ఆయన చెప్పక్కర్లేకపోయింది.

మాస్టారు విజిల్ని వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడ్డారు. "నాకూ తెలుసమ్మా. రాత్రిళ్ళు నేనూ దీన్ని బయటికి తియ్యను" అన్నారు. కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ, నా మోచేతుల దాకా ఆయన సింధూరం ఉంది, కడుపులో వాళ్ళ పకోడీలున్నాయి. పిల్లి మళ్ళీ వచ్చి బానెట్ ఎక్కింది. ఈసారి ఒకసారి తొక్కి చూసి దిగిపోయింది. ఇంజను చల్లారిందని అర్థమైంది.

తర్వాత ఆ కారు ఇనప సామాను కొనేవాళ్ళకి పోయిందని విన్నాను. మేం ఆపైన ఏడాదిన్నరకి ఒకటి కొన్నాం. దాని బెల్టులు నాలుగు సార్లు లాగి చూశాను.

ఆఫీసు ఫారంలో పంతొమ్మిదో గడి చేర్చమని మేనేజర్‌కి కాగితం పెట్టాను. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడాలి అని. "బెల్టు ఎవరు పెట్టుకుంటారమ్మా?" అన్నారాయన. ఎవరూ పెట్టుకోరు కాబట్టే ఎవరూ కడగరు సార్ అన్నాను. గడి చేర్చారు. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది దాదాపు అదే. అమ్మేవాళ్ళు మనం చూసే చోట్లన్నీ తుడిచి పెడతారు. వాళ్ళూ మనమూ ఎప్పుడూ ముట్టుకోని చోటు ఒకటి ఉంటుంది. అక్కడ చూడాలి. ఇంకొకటి, మనకి బాగా కావాలనిపించిన బండిని మనం ఒక్కళ్ళం చూడకూడదు. మంచులో ఎండ లేదని చెప్పే మనిషిని వెంట తీసుకెళ్ళాలి.

ఆ ఆదివారం మేం ఇల్లు చేరేసరికి పిల్లలు పడుకున్నారు. మర్నాడు పొద్దున్న బ్రష్షులు నోట్లో పెట్టుకునే వీధిలోకి పరిగెత్తారు. స్కూటర్ ఒక్కటే ఉంది.

"కారేదమ్మా?" అంది హారిక.

"అందులో ఆల్రెడీ ఒకరు కూర్చున్నారు" అని కొంగుకి కట్టి తెచ్చిన నత్తగుల్లని తీసి చూపించాను.

చింటూ దాన్ని చాలాసేపు చూశాడు. "ఏ సీట్లో?"

"ముందు సీట్లో. బెల్టు పెట్టుకుని."

"నా సీటు!" అని ఏడుపు అందుకున్నాడు. హారికకి సీటు పోయిన బాధ కంటే పెన్సిల్ డబ్బాకి సింధూరం అంటిన కోపం ఎక్కువగా ఉంది. ఇద్దర్నీ దగ్గరికి లాక్కున్నాను.

"వినండి. ఇంకొన్నాళ్ళు స్కూటరే. వంతెన మీద లారీ వస్తే కళ్ళు మూసుకోకూడదు. చింటూ హ్యాండిల్ పట్టుకోవాలి, హారిక నాన్న చొక్కా పట్టుకోవాలి, గట్టిగా."

"కళ్ళు మూసుకునేది నువ్వే కదమ్మా" అంది హారిక.

"నేను మూసుకుంటాలే. మీరు మాత్రం తెరిచి ఉంచండి" అన్నాను.