క్యారేజీలో కరివేపాకు

మా ఆయన కూర ఎక్కువ చెయ్యమన్న రోజే నాకు అనుమానం వచ్చింది. స్వయానా మేనత్త కొడుకు, పదేళ్ళ కాపురం. పొయ్యి మీద ఏముందని ఏనాడూ అడిగిన మనిషి కాదు. అలాంటివాడు వర్క్‌షాపు నుంచి వస్తూనే, "రేపు బొబ్బర్లు ఇంకో రెండు గుప్పిళ్ళు నానబెట్టే" అన్నాడు.

"ఎవులికి బావా?"

"మా షాపులో ఒకడికి. పెళ్ళాం పురిటికి ఎల్లింది. ఒండుకోడం రాదు పాపం."

ఖరగ్‌పూర్‌లో అది రైల్వే సమ్మె విరిగిపోయిన ఏడాది. మగవాళ్ళు ఇంట్లో కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునే రోజులు. అయినా నా బుర్ర అటు పోలేదు, ఆడదాని మీదికే పోయింది.

సరేనని వండాను. పొద్దున నానేసిన బొబ్బర్లను సాయంత్రం సైరన్ వేళకి కుంపటి మీద పెడితే, మనం వేరే పని చూసుకునేలోగా మెత్తబడతాయి. ఆవాలు, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు తాలింపు వేసి, ధనియాలు, జీలకర్ర, రెండు లవంగాలు వేయించి దంచిన పొడి చల్లి, కాస్త చింతపండు పులుసు, చిటికెడు బెల్లం. అంతే. ఆ ఘుమఘుమకి పక్క క్వార్టరు బెంగాలీ దీదీ గోడ మీంచి, "కీ రాన్నా కొర్ఛో?" అని, ఏం వండుతున్నావని పలకరించింది. వినపడనట్టు ఊరుకున్నాను.

ఆయన పట్టుకెళ్ళిన క్యారేజీ గంటలో తిరిగొచ్చింది. ఇత్తడి తళతళలాడుతోంది. వర్క్‌షాపు మగాళ్ళకి గిన్నె కడగడమంటే కొళాయి కింద ఓసారి తిప్పడమే. దీన్నెవరో చింతపండు పెట్టి తోమారు. మూత తీస్తే అడుగున ఒక తాజా కరివేపాకు రెబ్బ. వండి పంపిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదన్నది మా వైపు ఆడవాళ్ళ పట్టింపు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేస్తారు. అంటే అక్కడున్నది ఆడది. అందులోనూ మా తెలుగుదే.

ఏమీ అడగలేదు. మూడు సాయంత్రాలు గిన్నెల మీద కోపం తీర్చుకున్నాను. సైకిలుండగా ఆయన నడిచే వెళ్ళేవాడు. అదొక అనుమానం. వెళ్ళే ముందు దువ్వెన తీస్తే ఇంకొకటి. నాలుగోరోజు ఆయన గేటు దాటగానే పొయ్యి ఆర్పి వెనకాలే బయల్దేరాను. పట్టుకుంటే ఏం చెయ్యాలో తెలీదు. పుట్టింటికి పోవాలా, ఆవిడ జుట్టు పట్టుకోవాలా అనుకుంటూ కాలనీ దాటి ఇందా పేట దాకా నడిచాను.

సందు చివర రేకుల గది. ఆయన తలుపు కొడితే తీసినావిడని చూడగానే గుర్తుపట్టాను. సమ్మెలో ఉద్యోగం, దాంతో పాటు క్వార్టరు పోయిన ఫిట్టరు భార్య. ఎనిమిదేళ్ళు మా వెనక వరసలోనే ఉంది. లోపల చాప మీద ఆ ఫిట్టరు తలెత్తకుండా కూర్చున్నాడు. గుమ్మం పక్క నూనె డబ్బాలో కరివేపాకు మొక్క, సగం రెబ్బలు తెంపేసి ఉంది.

ఆవిడ నన్ను చూసేసింది. "రా వొదినా, బయటే నిలబడిపోనావేటి?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఏదో గొణిగి వచ్చేశాను. క్యారేజీ అందించి ఆయనా నా వెనకే వచ్చాడు.

తిరుగుదారిలో ఆయన్ని కడిగేద్దామనుకున్నాను. "పురుడని అబద్ధమెందుకు ఆడినావు బావా? నాకు సెప్పకూడదా?"

రైలు గేటు దగ్గర ఆయన ఆగి పట్టాలు అటూ ఇటూ చూశాడు. తర్వాత మామూలు గొంతుతోనే అన్నాడు: "సెబితే నువ్వు పెట్టవని."

ఒళ్ళు మండింది. నేనంత రాక్షసినా అని నోటిదాకా వచ్చింది. కానీ వాళ్ళు సామాను రిక్షాలో వేసుకుని కాలనీ వదిలి వెళ్ళిన రోజు, ఆవిడ చెప్పి వెళదామని మా గుమ్మం వైపు వస్తుంటే, ఎవరైనా చూస్తే మన క్వార్టరూ పోతుందని తలుపేసుకున్నది నేనే. ఆ రోజు ఆయన ఇంట్లోనే ఉన్నాడు, అంతా చూశాడు.

నాకే ఆయన మీద అనుమానం అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆయన అనుమానమే నిజం. చెప్పి ఉంటే పెట్టేదాన్ని కాదు.