బోరులో నిద్ర లేచిన మేకు

ఇంకొంచెం దగ్గరికి జరగండి. ఆ ఫ్యాను హోరులో నా మాట మీకు వినపడదు. దాన్ని ఆపేసి ఈ చాప మీద, ఇదిగో నా మోకాలి పక్కన కూర్చోండి. ఒక ఇనుప మేకు మా పెరట్లో ఎలా నిద్ర లేచిందో చెబుతాను.

జగ్గయ్యపేటలో మాది రేకుల ఇల్లు. పెరట్లో పాత చేతిబోరు ఉంది. నీళ్ళు ఎండిపోయాక పైన పంపు ఊడదీశారు, ఇనుప గొట్టం మాత్రం భూమిలో అలాగే ఉండిపోయింది. వీధి పిల్లలు ఏళ్ళ తరబడి రాళ్ళు వేసి వేసి దాన్ని పూడ్చగా, చివరికి ఒక చీర పొడవంత లోతు మిగిలింది. దాని మీద ఎప్పుడూ నాపరాయి మూసి ఉంచేవాళ్ళం.

ఆ ఏడు తొలకరి ముందు, రేకుల మీద పడే వాననీళ్ళను అందులోకి మళ్ళిద్దామని రాయి పక్కకు జరిపాము. మా కోడలు వంగి లోపలికి చూసింది. మెడలో పసుపుతాడు నాని నాని చివికి ఉందేమో, వెనక ముడి దగ్గర పుటుక్కున తెగింది. తాడూ, దానికున్న పుస్తెలూ, నల్లపూసలూ కలిసి గొట్టంలోకి జారిపోయాయి. కిందికి పోతూ పోతూ సన్నగా గలగలమన్న ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మా వాడు మిర్చి లోడు వేసుకుని లారీ మీద నాగపూరు వెళ్ళి ఉన్నాడు.

"అత్తయ్యా, ఆయనకి చెప్పద్దు. బండి మీదున్నారు" అంది, గొట్టం పక్కనే చతికిలబడి.

"నేనెందుకు చెబుతానే పిచ్చిదానా. ముందు నువ్వు లే."

దాని భయం నాకు తెలుసు. మొగుడు రోడ్డు మీద ఉండగా తాడు తెగిందని ఒక దిగులు. ఆ రెండు పుస్తెల్లో ఒకటి వాళ్ళమ్మ చేయించింది, ఆవిడ ఇప్పుడు లేదు, అదొక దిగులు. మెడ బోసిగా ఉండకూడదని దారానికి పసుపుకొమ్ము కట్టుకుని తిరిగింది, అన్నం మాత్రం ముట్టలేదు. టార్చి వేసి చూస్తే అడుగున రాళ్ళ మధ్య పచ్చగా ఒక మిణుకు. కొక్కెం దించితే రాళ్ళు కదిలి, అది ఇంకా లోపలికి జారేటట్టుంది. చేతులెత్తేశాము.

మా ముందు వాటాలో అద్దెకుండే టీచరమ్మ నందిగామ బడిలో సైన్సు చెబుతుంది. సాయంత్రం బస్సు దిగి వచ్చి, సంగతంతా విని, సంచిలోంచి పట్టీలాంటి అయస్కాంతం ఒకటి తీసింది. దాన్ని తన ఉంగరానికి ఆనించింది. ఉంగరం ఉలకలేదు, పలకలేదు.

"చూశారా పిన్నిగారూ, బంగారాన్ని ఇది పట్టదు. రాగినీ పట్టదు, ఇత్తడినీ పట్టదు. ఇనుమో ఉక్కో కావాలి. ఆ తాడుకి ఇనుపది ఏదన్నా ఉందా?"

నేను కోడలి మొహం చూశాను, అది నా మొహం చూసింది. రోజూ నేను దాన్ని దెప్పేదాన్ని, 'నీ మెళ్ళో ఉన్నది తాడా, ఫ్యాన్సీ షాపా' అని.

"ఫ్యాన్సీ షాపే ఉంది టీచర్" అంది కళ్ళు తుడుచుకుంటూ. "గుత్తెడు పిన్నీసులున్నాయి."

ఇంకేం, అయస్కాంతం నడుముకి దారం కట్టి గొట్టంలోకి వదిలాము. జానెడు దిగిందో లేదో, టప్పున పక్క గోడకి కరుచుకుంది. లాగి మళ్ళీ వదిలితే మళ్ళీ టప్పు. గొట్టమూ ఇనుమే కదా మరి! దారంతో పైకి లాగగలంగానీ కిందికి తోయలేముగా.

టీచరమ్మ ఆలోచిస్తూ ఆ అయస్కాంతాన్ని దారంతో సహా వసారాలో దండేనికి వేలాడదీసింది. అది గిరగిరా తిరిగి, మెల్లగా ఊగి, ఒక దిక్కుకి నిలబడిపోయింది. వేలితో కదిపినా మళ్ళీ నిదానంగా అక్కడికే వచ్చింది, ఇల్లు గుర్తున్న ఆవులాగా.

"అది ఉత్తరం" అంది టీచరమ్మ. "భూమి కూడా పెద్ద అయస్కాంతమే. ఎక్కడ వేలాడదీసినా ఇది ఉత్తరం దక్షిణం చూస్తుంది."

"నాగపూరు అటేగా టీచర్?" అంది మా కోడలు.

"అటేనమ్మా."

చీకటి పడేదాకా అది ఆ అయస్కాంతం కేసి చూస్తూ కూర్చుంది. ఆకాశంలో మబ్బు కమ్ముతోంది. వాన వస్తే బురద కొట్టుకొచ్చి గొట్టంలో నిండుతుంది, ఇక పుస్తెలు దొరకవు. నాపరాయి మూసి, పైన గోనెపట్టా కప్పాము.

"దిగేటప్పుడు నిద్రపోయి, అడుగున లేచే అయస్కాంతం కావాలి పిన్నిగారూ. రేపు చేద్దాం" అంది టీచరమ్మ.

నాకు ఆ మాట కథలో మాటలా వినిపించింది. మర్నాడు నందిగామలో మోటార్లు బాగుచేసే కొట్లో అడిగి సన్నటి రాగితీగ చుట్ట తెచ్చింది. నేను పొడుగాటి మేకు తీసుకుని, చీపురు పిడికి తాడు చుట్టినట్టు ఒకే దిక్కుకి, వరస తప్పకుండా, చుట్టు మీద చుట్టు వేశాను. చుట్లు పెరిగినకొద్దీ బలం పెరుగుతుందట. తీగ చివర్లకి పొడుగు వైర్లు కలిపి టార్చి సెల్లులకి ఆనించాము. మేకు పిన్నీసుని పట్టలేదు.

"మీ మేకు బద్ధకిష్టిది టీచర్" అంది కోడలు, ఏడుపు దాచుకుని.

"అయ్యో, చివర్లు గీకలేదు!" అంది టీచరమ్మ. ఆ రాగితీగ మీద కంటికి ఆనని పూత ఉంటుందట. పూత ఉండబట్టే పక్కపక్క చుట్లలో కరెంటు అడ్డదారి పట్టకుండా చుట్టూ తిరుగుతుంది. చివర్లలో మాత్రం అది పోవాలి. కత్తిపీట మీద గీకాను. ఈసారి సెల్లుకి ఆనించగానే పళ్ళెంలో పిన్నీసు ఎగిరి మేకుకి అతుక్కుంది. వైరు తీస్తే రాలిపోయింది.

"సెల్లులతోనే చెయ్యాలి, గోడ ప్లగ్గులో మాత్రం ఎవ్వరూ పెట్టకూడదు" అని మా చుట్టూ మూగిన పిల్లలకి గట్టిగా చెప్పింది. మీకూ చెబుతున్నాను, వినండి.

మొదటి చినుకు పడుతుండగా రాయి తీశాము. కరెంటు లేని మేకు గోడని తాకుతూ, ఏమీ ఎరగనట్టు, అడుగు దాకా దిగిపోయింది. టీచరమ్మ వైరు ఆనించింది. కింద ఎక్కడో చిన్నగా టిక్కుమంది.

"లేచింది" అంది.

నేను లాగుతున్నాను. మేకు గోడని ఒరుసుకుంటూ వస్తోంది. సగంలో గరగరమని ఆగింది. కొంచెం సడలించి లాగాను. పైకొచ్చింది. మేకు కొసన ఒక పిన్నీసు, దాన్ని పట్టుకుని ఇంకోటి, దానికి ఇంకోటి, ఆ గుత్తి కింద మట్టి కొట్టుకున్న పసుపుతాడు, చివర రెండు పుస్తెలు, వాన వెలుగులో తడిసి ఊగుతూ.

"దోసిలి పట్టమ్మా" అని టీచరమ్మ వైరు తీసేసింది. మేకు పట్టు వదిలింది. కోడలి దోసిలి నిండింది.

దీపాలు పెట్టే వేళకి కొత్త తాడుకి పసుపు పూసి కట్టుకుంటుంటే ఫోను మోగింది. మా వాడు మా ఊరి దగ్గరున్న గరికపాడు చెక్‌పోస్టు దాకా వచ్చేశాడు.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడట.

"పిన్నీసులు సర్దుకుంటున్నా, రండి" అంది.

ఆ పిన్నీసులు కొన్నాళ్ళ దాకా ఒకదాన్నొకటి వదల్లేదు. మేకు గుణం వాటికీ కాస్త అబ్బిందని టీచరమ్మ అంది. ఇప్పుడు మా కోడలి తాడుకి పిన్నీసు తగ్గితే నేనే కొనుక్కొచ్చి ఇస్తున్నాను.

ఇక లేవండి, వాన వచ్చేలా ఉంది. మీ ఇంట్లోంచి జారిపోయింది ఏదైనా మీ దోసిట్లోకే తిరిగి రావాలి. రోడ్డు మీదున్న మీవాళ్ళు వేళకి గుమ్మం ఎక్కాలి. మీ ఇల్లు పసుపు పచ్చగా, చల్లగా ఉండాలి.