అదో లెక్కా బావ

మా అక్క మొగుడికి ఒకటే జబ్బు. ఎదుటివాడు ఏం చెప్పినా "అదో లెక్కా!" అని, దానికి రెండింతలు తనకు జరిగినట్టు చెప్పాలి. మీకు తలనొప్పి అంటే ఆయనకు తలే పగిలి ఉంటుంది. మిమ్మల్ని ఒక కుక్క తరిమితే ఆయన్ని వీధి కుక్కలన్నీ తరిమి ఉంటాయి, వాటిలో ఒకటి కుంటిది కూడా. వృత్తి నీళ్ళ మోటార్లు బాగుచేయడం. కాలిపోయిన మోటారు ఎవరైనా తెస్తే, అంతకంటే ఘోరంగా కాలిన మోటారు కథ ఒకటి చెప్పిగానీ స్క్రూడ్రైవరు పట్టడు.

తాగుడులోనూ ఎవరికీ తగ్గలేదు. చివరికి ఆస్పత్రిలో పడ్డాడు. డాక్టరు స్కాను చూసి, "ఇంత పాడైన లివరు నా సర్వీసులో చూళ్ళేదండీ" అన్నాడు. అక్క బావురుమంది. బావ మాత్రం పక్క మంచం రోగి వైపు చూశాడు, విన్నావా అన్నట్టు.

తాగుడు మానాలనుకునేవాళ్ళు వారం వారం కలుసుకునే చోటు ఒకటుందని, అక్కడ ఒకరి కథ ఇంకొకరికి చెప్పుకుంటారని డాక్టరే చెప్పాడు. కథలనగానే బావ లేచి కూర్చున్నాడు. తోడు వెళ్ళే పని నా నెత్తిన పడింది.

"దారిలో ఇంకో గుమ్మం ఎక్కకుండా చూడరా తమ్ముడూ" అంది అక్క.

టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్ పైన మేడ. బోర్డు లేదు, వచ్చేవాళ్ళకు బోర్డు ఉండటం ఇష్టం లేదట. పైన రెండు తలుపులున్నాయి. దగ్గరగా ఉన్నదాంట్లో దూరాం. ఎవరో ముసలాయన లేచి, "నాకు మూడొందలు దాటిందండీ" అంటున్నాడు.

"అదో లెక్కా! నాకు ఐదొందలు!" అన్నాడు బావ, దేని గురించో కూడా తెలియకుండా.

గదంతా అయ్యో అంది. ఎవరో కుర్చీ ఇచ్చారు, ఎవరో పేపరుతో విసిరారు. అది చక్కెర జబ్బువాళ్ళ మీటింగని మాకు తెలిసేసరికి, బావని అధ్యక్షుణ్ణి చేసేలా ఉన్నారు. బయటికి లాక్కొచ్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

రెండో తలుపు వెనక అసలు గుంపు. నడిపేది రిటైరైన నర్సమ్మ. ఆవిడా ఒకప్పుడు తాగి, మానినావిడే. అక్కడ ఒకటే నియమం: ఒకరు చెప్తుంటే మిగతావాళ్ళు వినాలి, బదులు చెప్పకూడదు. ఆ నియమం బావ ముందు ఒక్క వారం కూడా నిలవలేదు. ఒక లెక్చరరు తాగి క్లాసులో పడిపోయానంటే, "అదో లెక్కా! నేను తిరుగుతున్న మోటారు మీద పడ్డాను" అన్నాడు.

"మెకానిక్ గారూ, ఇది పోటీ కాదండీ" అంది నర్సమ్మ.

"తెలుసమ్మా. అందుకే బహుమతి అడగట్లేదు."

అలా నెలలు గడిచాయి. బావ చుక్క ముట్టలేదు, నోరూ మూయలేదు. నాకు పక్కన కూర్చోవాలంటేనే సిగ్గుగా ఉండేది.

ఒకరోజు కొత్తగా ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. నేల చూస్తూ చెప్పాడు.

"తాగి, మా అమ్మాయిని బడి నుంచి తీసుకొస్తూ బండి గోతిలో పడేశానండీ. దాని చెయ్యి విరిగింది. ఇప్పుడు నేను పిలిస్తే తలుపు వెనక దాక్కుంటోంది. ఇంత నీచుణ్ణి మీరెవరూ చూసుండరు. నాకిక్కడ చోటు లేదు."

సంచి తీసుకుని గుమ్మం వైపు నడిచాడు. ఆ మెట్లు దిగితే ఎక్కడికి పోతాడో ఆ గదిలో అందరికీ తెలుసు. నియమం నియమమే కాబట్టి ఎవరూ నోరు మెదపలేదు. నర్సమ్మ కూడా.

"అదో లెక్కా!" అన్నాడు బావ.

నేను మొహం కప్పుకున్నాను.

"మా మామగారు పోయినప్పుడు తాగి ఆయన్ని మోశాను. దారి మధ్యలో కాళ్ళు తేలిపోయి దభీమని కింద పడేశాను. పడేసి ఊరుకున్నానా? 'లేవండి మామగారూ, జనం చూస్తున్నారు' అని కేకలేశాను!"

గది గొల్లుమంది. గుమ్మం దగ్గర డ్రైవరు భుజాలు కదిలాయి. ముందు నవ్వాడు, తర్వాత ఏడ్చాడు, తర్వాత వచ్చి కూర్చున్నాడు. నవ్వనిది నేనొక్కణ్ణే. ఆ మామగారు మా నాన్న. ఆ సమయానికి ఇంట్లో పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు.

"నాన్నని చంపేశావేంటి బావా!" అన్నాను మెట్లు దిగుతూ.

"చాలా ఏళ్ళ కిందట ఇలాంటి వేరే చోటికి వెళ్ళాన్రా. ఉన్నదంతా చెప్పాను. అందరూ పద్ధతిగా నోరు మూసుకుని విన్నారు. నాకంటే చెడ్డవాడు లోకంలో లేడనిపించింది. తిన్నగా సారా కొట్టుకి పోయాను. ఆరోజు ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, 'అదో లెక్కా' అనుంటేనా..." అని ఆగిపోయాడు.

ఇన్నాళ్ళూ ఆయన్ని గొప్పలకోరు అనుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

రెండు రోజులకి డ్రైవరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు, చేతిలో పళ్ళ సంచితో. తలుపు తీసింది నాన్న.

"మెకానిక్ గారి మామగారి ఇల్లు ఇదేనా అండీ? పోయిన ఆ పెద్దాయన వల్లే నేను ఆ గదిలో కూర్చున్నాను. ఫోటో ఉంటే ఒకసారి దండం పెట్టుకుని పోదామని..."

"ఫోటో ఎందుకు బాబూ, నేనే ఉన్నాగా" అన్నాడు నాన్న.

ఇక దాచి లాభం లేదు. జరిగిందంతా చెప్పేశాను. డ్రైవరు మొహం మళ్ళీ ఆరోజు గుమ్మం దగ్గరి మొహంలా మారిపోయింది.

"అంటే అబద్ధమా? అయితే అందరిలోకీ నేనే..."

"కూర్చో" అన్నాడు నాన్న. "కింద పడేసిన మాట అబద్ధమే. కానీ నాకు గుండె పట్టేసినరోజు, బండి తెస్తానని వెళ్ళి తాగి పడిపోయాడు. ఇరుగుపొరుగు మోసుకెళ్ళకపోతే ఆరోజే పోయేవాణ్ణి. అది మాత్రం మా అల్లుడు ఎక్కడా చెప్పడు. దానికెవరూ నవ్వరుగా. ఇప్పుడు పొద్దున్నే వచ్చి నా మందులు తనే ఇచ్చి వెళ్తాడు."

డ్రైవరు కుర్చీ అంచున కూర్చున్నాడు. తర్వాత పళ్ళ సంచి బల్ల మీద పెట్టాడు.

"మరి నన్ను వచ్చే వారం వెళ్ళమంటారా అండీ?"

"తప్పకుండా వెళ్ళు" అన్నాడు నాన్న, సంచిలోంచి ఒక పండు ఏరుకుంటూ. "నేను బతికున్నానని మాత్రం అక్కడెవరికీ చెప్పకు."