తెల్ల గౌనుకు పసుపు

ఎవరింట్లో శుభకార్యం జరిగినా మంగళం అవ్వకు కాలు ఒకచోట నిలవదు. గోరిమేడుకు కోడలిగా వచ్చింది మొదలు ఆ వీధిలో ఎందరు పెళ్లికూతుళ్లకు జడలు వేసిందో, ఎందరు పిల్లల ఉయ్యాలలకు పూలు కట్టిందో లెక్కే లేదు. అయితే ఇంత వయసొచ్చినా ఆమె ఒక్క పుట్టినరోజు పార్టీ కూడా చూడలేదు. పుట్టి పెరిగిన పల్లె కిరుమాంబాక్కంలో పుట్టినరోజంటే తలంటు, పాయసం. కేకు కోయడం టీవీలో చూసిందే తప్ప ఎరగదు.

అలాంటిది యూకేజీ చదివే మనవరాలు ప్రీతికి పక్కవీధి జీవా ఇంటి నుంచి పుట్టినరోజు పిలుపొచ్చింది. పిల్లకు జీవాయే మొదటి స్నేహితుడు, ఇదే మొదటి పార్టీ. కోడలు హేమమాలినికి ఆదివారం ఆసుపత్రిలో డ్యూటీ పడింది కాబట్టి తీసుకెళ్లే భాగ్యం మంగళానిదే. ఇంకేముంది, ఇల్లు పీకి పందిరేసింది. బీరువాలోంచి పట్టుపావడ, మల్లెపూల జడకు కుచ్చులు, బంగారు గాజులు అన్నీ మంచం మీదికి వచ్చాయి.

హేమమాలిని నవ్వింది. "అత్తా, ఇవి వద్దు. పిల్లకాయలందురూ తెల్లబట్టల్లో రావాలని జీవా వాళ్లమ్మ మెసేజ్ పెట్టింది. ఆడ ఎగిరి దుంకతారు. పావడ కాళ్లకు అడ్డం పడతాది."

"పుట్టినరోజుకు తెల్లబట్టలేందిమా? యాడన్నా వుందా?"

ప్రీతి మధ్యలో దూరింది. "నాకు తెల్ల గౌనే కావాల. అందురూ తెల్లగా వుండి నేను మటుకు ఎర్రగా వుంటే నన్ను చూసి నగతారు."

ఆ మాట మంగళం గుండెలో నాటుకుంది. తన వల్ల పిల్ల నలుగురిలో నవ్వులపాలు కాకూడదు. కోడలు కొన్న నూలు గౌనును చేత్తో తడిమి చూసింది. మెత్తగా ఉంది, గుచ్చుకునే లేసు లేదు, మోకాళ్ల దాకా పొడవు. పరుగెత్తే పిల్లకు ఇదే నయమని, కాస్త గొణుగుతూనే, ఒప్పుకుంది.

ఆదివారం మధ్యాహ్నం హేమమాలిని డ్యూటీకి వెళ్లింది. ఆ తర్వాత మంగళం చేతులు ఊరుకోలేదు. ఆ ఇంట్లో కొత్తబట్టకు కొసన పసుపు పెట్టందే ఎవరూ ఒంటి మీద వేసుకోరు. అందులోనూ ఇది తెల్లబట్ట, వెళ్లేది శుభకార్యానికి. నాలుగు వేళ్లతో పసుపు తడిపి, మామూలుకంటే ఎక్కువే గౌను అంచుకు అద్దింది. తీరా మడత విప్పి చూస్తే పలచటి బట్టలో పసుపు పాకి, ముందువైపు అరచేయంత మరక!

"అయ్యయ్యో!" అంటూ కుళాయి దగ్గరికి పరుగెత్తింది. కంగారులో సబ్బు పెట్టి రుద్దేసింది. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని తెలియని మనిషా! తెలిసీ చేసింది, మరక కుంకుమలాగా తయారైంది. ప్రీతి అది చూసి నేల మీద కూలబడింది.

"నేను పోను. పో అవ్వా, నేను పోనే పోను!"

మంగళానికి కళ్లు చెమర్చాయి. అంతలో ఎండ గుర్తొచ్చింది. పసుపు మరకను ఎండ తినేస్తుంది! సబ్బంతా పోయేదాకా జాడించి, గౌనును భుజాన వేసుకుని మేడ ఎక్కింది. పెట్టీకోటులో ప్రీతి, గొడుగుతో మంగళం, తీగ మీద గౌను. ఏప్రిల్ ఎండ భగభగమంటోంది.

"పోయిందా అవ్వా?"

"పోతా వుందిరా కన్నా, చూడు!"

నిజంగానే పోతోంది. ఏడుపు మరిచి పిల్ల గెంతడం మొదలుపెట్టింది. సముద్రం వైపు నుంచి ఒక మబ్బు వస్తే ఇద్దరూ కలిసి చేతులూపి తిట్టిపోశారు. మబ్బు తప్పుకుంది. చివరికి వెతికితేగానీ మరక కనబడలేదు. గౌను తొడిగి, జడ వేసి, పిల్ల చేయి పట్టుకుని మంగళం ఒకటే పరుగు.

జీవా ఇంటి ముందుగదిలో తెల్లబట్టల పిల్లలు కేకు చుట్టూ మూగి ఉన్నారు. జీవా పరుగున వచ్చి ప్రీతిని లోపలికి లాక్కుపోయాడు. గౌను వైపు ఒక్కరూ చూడలేదు. మంగళానికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"లోపలికి రండమ్మా," అని జీవా తల్లి జయంతి అరవంలో పిలిచింది. అడుగు వేయబోయి మంగళం తనను తాను చూసుకుంది. హడావిడిలో చీర మార్చుకోనేలేదు! వంటింటి చీర, ఒక పక్క తడి, కుచ్చెళ్ల నిండా పసుపు చేతుల అచ్చులు. వచ్చిన తల్లులంతా ముస్తాబై ఉన్నారు. ఊరందరినీ సింగారించిన మంగళం సిగ్గుతో చచ్చిపోయింది. కేకు కోయడం చూడాలని ఎంత ఆశో! అయినా పిల్ల తలెత్తుకోవడం ముఖ్యం.

"లేదుమా, నేను మళ్ల వచ్చి పిల్లను పిలుచుకోని పోతా," అని వెనక్కి తిరిగింది.

నాలుగడుగులు వేసేలోగా ఎవరో కొంగు పట్టుకున్నారు. ప్రీతి.

"యాడికి పోతా వుండావు?"

"ఇంటికిరా. నా చీర చూడు. వాళ్లు నగతారు."

ప్రీతి ఆ చీరను పైనుంచి కిందికి చూసింది. "నగితే నగనీ. నువ్వు నా పక్కన నిలబడు." తర్వాత లోపలికి తిరిగి అందరికీ వినబడేలా అరవంలో అరిచింది: "జీవా, ఆగు! మా అవ్వ వచ్చినాకే కొయ్యాల!"

జీవా కత్తి పైకెత్తి ఆగాడు. పిల్లలు జరిగి చోటిచ్చారు. మంగళం ఏడుస్తూ నవ్వుతూ వెళ్లి మొదటి వరసలో నిలబడింది. చప్పట్లు అందరికంటే ముందు మొదలుపెట్టింది, పాట అయిపోయాక కూడా ఆపలేదు.