సున్నా డ్రైవు, ఒకటో డ్రైవు

మా ఆఫీసులో కొత్త బ్యాకప్ పెట్టె బిగించడానికి ఆ ఇంజనీరు హైదరాబాదు నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు మూడు రోజుల పని మీద వచ్చాడు. రెండు రోజులు హేవ్‌లాక్ బీచ్‌లో గడిపాడు. మిగిలిన ఒక్క రోజులో మా ఆఫీసును ఉద్ధరించి వెళ్ళాడని మా ఆఫీసరు నమ్మాడు. ఇప్పటికీ నమ్ముతూనే ఉండవచ్చు. అలాంటి నమ్మకాలకు బ్యాకప్ అక్కర్లేదు.

సునామీ నాడు మా ఆఫీసు కింది గదిలోకి ఉప్పునీళ్ళు చొరబడి, కంప్యూటర్లోని ఫైళ్ళ నకళ్ళు దాచే బ్యాకప్ టేపులన్నీ బీరువాలోనే పాడయ్యాయి. ఆ టేపులు మార్చడం, లేబుళ్ళు అంటించడం నా పని. మా తాతలు శ్రీకాకుళం నుంచి ఓడలో వచ్చినవాళ్ళు. నేను పుట్టింది పోర్ట్‌బ్లెయిర్‌లోనే, డెయిరీ ఫార్మ్ అనే పేటలో. అంటే మా ఆఫీసరు లెక్కలో నేను చెప్పేది విననక్కరలేదు. ఓడ దిగినవాడు, విమానం దిగినవాడు చెబితేనే అది విషయం.

రెండేళ్ళ తరువాత పై అంతస్తులోకి కొత్త పెట్టె వచ్చింది. వర్చువల్ టేప్ లైబ్రరీ అన్నారు. లోపల ఒక్క టేపు కూడా ఉండదు, అన్నీ హార్డ్ డిస్కులే. కానీ సర్వర్‌తో మాత్రం తనలో టేపుల మీద రాసే డ్రైవులు రెండు, నలభై టేపులు ఉన్నాయని చెప్పుకుంటుంది. సర్వర్ నమ్ముతుంది. ఇందులో మోసమేమీ లేదు, బాగా పనిచేసే ఏర్పాటే. పెట్టినవాడికి బుద్ధి ఉండాలంతే.

మా ఊళ్ళో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. అలా పోయి సర్వర్ మళ్ళీ లేచిన ప్రతిసారీ, ఏ డ్రైవు ముందు కనిపిస్తే దానికి సున్నా అని, తరువాత కనిపించినదానికి ఒకటి అని పేరు పెట్టేది. ఒకరోజు సున్నా అయినది ఇంకోరోజు ఒకటయ్యేది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మాత్రం మొదటిరోజు ఇంజనీరు రాసిన జాబితానే పట్టుకుని కూర్చునేది. అది సోమవారం టేపును ఒక డ్రైవులో పెట్టించి, రాయడానికి రెండోదాని దగ్గరకు వెళ్ళేది. అక్కడ ఇంకో టేపు ఉండేది. లేబుల్ కలవలేదని పని ఆపేసి, పొద్దున్నే ఎర్ర అక్షరాలతో రిపోర్టు ఇచ్చేది.

ఇంజనీరుకు ఫోన్ చేశాను.

"కరెంట్ వచ్చినప్పుడల్లా డ్రైవ్ నంబర్లు ఉల్టా అయిపోతున్నాయి భయ్యా. జాబితాలో పాతవే ఉన్నాయి."

"అక్కడ హ్యుమిడిటీ ఎక్కువ కదా మేడమ్. అదే ప్రాబ్లమ్."

"హ్యుమిడిటీకి సున్నా ఒకటవుతుందా?"

అతను నవ్వాడు. "మీ తెలుగు భలే ఉంటుందండీ, సగం హిందీ. సరే, సెట్టింగ్స్‌లో లేబుల్ చెక్ అని ఒక టిక్ ఉంటుంది చూడండి. అది తీసేయండి."

"తీసేస్తే తప్పు టేపు మీద రాసేస్తుంది గదా."

"ఏం కాదు. మా క్లయింట్లందరికీ అలాగే పెట్టాం."

తీయనన్నాను. అతను ఆఫీసరుకు ఫోన్ చేశాడు. ఆఫీసరు నా బల్ల దగ్గరకొచ్చి, నేను తెచ్చిన కాగితాలను చదవకుండానే పక్కన పెట్టి, "మేడమ్, ఇంజనీర్ ఆప్ హై కి వో హై?" అని అడిగాడు, ఇంజనీరు మీరా అతనా అని. నేను టిక్ తీసేశాను. నా చేత్తోనే తీశాను. మర్నాటి నుంచి రిపోర్టు పచ్చగా వచ్చింది. ఆఫీసరు ఆ పచ్చ కాగితాలను ఫైలులో పెట్టించి, కింద నా సంతకం తీసుకునేవాడు. నాలుగు నెలలు సంతకాలు పెట్టాను. వాళ్ళిద్దరినీ నేను ఎంత చులకనగా చూసినా, ఆ సంతకాల దగ్గరకొచ్చేసరికి నా తల నేనే దించుకోవాలి.

ఐదో నెలలో సర్వర్ డిస్కు పోయింది. సునామీ నాటి భూకంపానికి దెబ్బతిన్న ఇళ్ళ మీద మా ఆఫీసు చేయించిన సర్వే షీట్లన్నీ అందులోనే ఉన్నాయి. బ్యాకప్ నుంచి తెద్దామని మార్చి నెల టేపు తెరిస్తే అందులో హాజరు పట్టీలు వచ్చాయి. హాజరు టేపులో సగం సర్వే, మిగతా సగం దానిమీద రాసిన మరేదో.

అదే వారం డిగ్లీపూర్ నుంచి ఒక ముసలాయన వచ్చాడు. తెల్లవారకముందే బస్సెక్కి పగలంతా ప్రయాణం చేసి, మా ఊరి అబర్డీన్ బజార్‌లో చుట్టాలింట్లో పడుకుని, పొద్దున్నే కౌంటర్ ముందు నిలబడ్డాడు. భూకంపానికి పగిలిన తన ఇంటి సర్వే షీటు నకలు కావాలట. లేకపోతే మరమ్మతుల జాబితాలో పేరు ఎక్కదు. షీటు దొరకలేదని చెప్పాను. ఆఫీసరు పక్కనుంచి, మళ్ళీ సర్వే చేయిస్తాం, పగుళ్ళు చూపిస్తే చాలని హిందీలో అన్నాడు.

ఆయన నా వైపు తిరిగాడు. "పగులు సూపించమంటే ఏటి సూపిత్తానమ్మా? మెత్తేసినాం గదా. వాన లోపలికొచ్చేత్తంటే ఎన్నాళ్ళు కూకుంటాం?"

"కూర్చోండి బాబాయ్" అన్నాను.

మూడు రోజులు నలభై టేపులనూ ఒక్కొక్కటే తెరిచి చూశాను. రెండు వారాల షీట్లు తప్ప మిగతావి దొరికాయి. ఆయనది ఆ రెండు వారాల్లోనే ఉంది.

డ్రైవుల సంగతి తేల్చడానికి ఒక మధ్యాహ్నం సరిపోయింది. ప్రతి డ్రైవుకూ మారని సీరియల్ నంబరు ఉంటుంది. పేరును కనిపించిన వరుసకు కాకుండా ఆ నంబరుకు ముడిపెట్టి, జాబితాలో ఆ పేరే రాసి, లేబుల్ చెక్ మళ్ళీ పెట్టాను. మెయిన్ స్విచ్ ఆపి వేసి, ఆపి వేసి ఆరుసార్లు చూశాను. పేర్లు కదల్లేదు. ఇది ఆ పెట్టెతో వచ్చిన పుస్తకంలోనే ఉంది. ఇంజనీరు ఆ పుస్తకం మీది ప్లాస్టిక్ కవరు కూడా చించలేదు.

అతను మళ్ళీ వచ్చాడు. నేను చేసినదాన్ని పది నిమిషాలు చూసి, ద్వీప వాతావరణం వల్ల వచ్చిన సమస్యను తమ కంపెనీ విజయవంతంగా పరిష్కరించిందని రిపోర్టు రాశాడు. ఆఫీసరు అతనికి ఇక్కడి అడవుల్లో దొరికే ఎర్రటి పడౌక్ చెక్కతో చేసిన ఓడ బొమ్మ బహుమతిగా ఇచ్చాడు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను, రెండే.

ముసలాయన షీటు పోవడం ఆఫీసు తప్పేనని, ఇంటి యజమానిది కాదని ఒక కాగితం రాసి ఆఫీసరు ముందు పెట్టాను. తన పేరు కింద అలాంటి మాట ఉండకూడదన్నాడు. అయితే నా పేరు కిందే ఉండనివ్వమని సంతకం పెట్టి, ముద్ర వేసి డిగ్లీపూర్ పంపాను. అక్కడి సర్వేయరు ఆ కాగితాన్ని, ఇరుగుపొరుగుల సాక్ష్యాన్ని పట్టుకుని, మెత్తిన గోడనే పగిలిన గోడగా రాసుకున్నాడట. నాకు మాత్రం ఒక మెమో వచ్చింది. దానికి జవాబు రాయలేదు, ఎవరూ అడగలేదు కూడా.

మరుసటి ఏడాది మరమ్మతుల రెండో జాబితా వచ్చింది. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించింది నేనే. డిగ్లీపూర్ పేజీలో ముసలాయన పేరు ఉంది, ఒక అక్షరం తప్పుగా. సరిచేసి, తరువాతి పేరుకు వెళ్ళాను.