డెబ్బై రెండు మెట్లు, ఒక కుర్చీ

మా అత్తగారు ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో ఆయాగా పనిచేశారు. మంచం మీద నుంచి స్ట్రెచర్ మీదికి, స్ట్రెచర్ మీద నుంచి మంచం మీదికి మనుషులను ఎత్తి దించడమే ఆవిడ ఉద్యోగం. రిటైరై పదేళ్లయినా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో బీరువా జరపాలన్నా సరే, ఆవిడ "ఒకటి, రెండు, మూడు" అనేదాకా ఎవరూ చెయ్యి వేయకూడదు. "ఎత్తే ముందు మనిషి మొహంలోకి చూడాలమ్మా. ఎవరు మోస్తున్నారో తెలిస్తే సగం భయం పోతుంది" అంటారు. నేను కంటి డాక్టరు దగ్గర టోకెన్లు ఇస్తుంటాను. నా మొహం చూసి ఎవరి భయమూ పోయిన దాఖలాలు లేవు. ఉన్న ధైర్యం కూడా పోతోందని మా డాక్టరుగారే ఒకసారి అన్నారు.

అలాంటి మనిషి అక్టోబరులో బాత్రూములో జారిపడి మోకాలికి ఆపరేషన్ చేయించుకున్నారు. చేతికర్ర పట్టుకుని ఇంట్లో బాగానే తిరుగుతున్నారు. మెట్లు మాత్రం ఎక్కడం, దిగడం కుదరదని డాక్టరు గట్టిగా చెప్పారు. మేముండేది నాలుగో అంతస్తు. డిసెంబరు మొదటి వారంలో లిఫ్టు కాస్తా చెడి కూర్చుంది.

చెప్పుకుంటే సిగ్గుచేటు, మా ఆయన లిఫ్టు మెకానిక్కే. క్రిస్మస్ సీజనులో బట్టల షాపులు కిటకిటలాడతాయి, ఆయన ఫోను మోగుతూనే ఉంటుంది. "ఊరందరి లిఫ్టులూ బాగుచేస్తారు, కన్నతల్లిని మాత్రం నాలుగో అంతస్తులో కట్టిపడేశారు" అని నేను రోజుకోసారి దులిపేసేదాన్ని. "బ్రేకు సామాను రావాలే! అది మార్చకుండా నడిపితే మనుషులు పోతారు. నీ నోటితో లిఫ్టు నడవదు కదా!" అని ఆయనా విసుక్కునేవారు.

అత్తగారు ఏమీ అనేవారు కాదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఏటా క్రిస్మస్ డ్యూటీ ఆవిడే అడిగి మరీ వేయించుకునేవారట, చిన్నపిల్లలున్న ఆయాలు ఇళ్లకు వెళ్తారని. రిటైరయ్యాక గానీ క్రిస్మస్ ఉదయం చర్చిలో కూర్చునే యోగం పట్టలేదు. అప్పటి నుంచి ముందు బెంచీలో కుడి చివర ఆవిడదే. "ఈసారి ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటాలే" అన్నారు. అన్నారే గానీ, మూడు రోజుల ముందే తెల్లచీర ఇస్త్రీ చేయించి తలుపు వెనక కొక్కేనికి తగిలించుకున్నారు. అటు వెళ్లినప్పుడల్లా ఆ చీర కనబడి నా ప్రాణం ఉసూరుమనేది.

ఇరవై నాలుగో తారీకు మధ్యాహ్నానికి సామాను వచ్చింది. మా ఆయన అన్ని అంతస్తుల్లోనూ లిఫ్టు తలుపులకు బోర్డులు తగిలించి పని మొదలుపెట్టారు. "పని జరుగుతోంది, ముట్టుకోవద్దు" అని ఎర్రరంగుతో ఆయనే రాసుకున్న బోర్డులు. ఆ బోర్డు ఉంటే మా బిల్డింగులో పిల్లిపిల్ల కూడా లిఫ్టు దగ్గరికి పోదు. మూడేళ్ల కిందట కింది అంతస్తు బస్సు కండక్టరు దాన్ని లెక్కచేయకుండా ఎక్కి, రెండు అంతస్తుల మధ్య గంటసేపు వేలాడాడు. దిగాక మా ఆయన పెట్టిన చీవాట్లు వీధి చివరిదాకా వినిపించాయి.

బ్రేకు మార్చాక బరువు పెట్టి చూడాలి. మనుషులను ఎక్కించి చూడకూడదు కాబట్టి సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు అడిగి తెచ్చారు. మొత్తం ఇరవై క్యాన్లు. బిల్డింగు తాగునీళ్లన్నీ లిఫ్టెక్కాయి. "పొద్దున ఇంకోసారి తిప్పి చూసి బోర్డులు తీసేస్తా" అని పడుకున్నారు.

నేను లేచేసరికి మా ఆయన లేరు. అత్తగారు అప్పటికే తెల్లచీర కట్టుకుని, తల దువ్వుకుని కిటికీ దగ్గర కూర్చున్నారు. "ఆసుపత్రిలో లిఫ్టు ఆగిందని ఫోనొచ్చిందమ్మా. పరిగెత్తాడు" అన్నారు. తలుపు తీసి చూశాను. బోర్డు ఉన్నచోటే ఉంది. ఫోను చేస్తే ఎత్తరు. నాకు తిక్క రేగిపోయింది. ఆరాధన తొమ్మిదింటికి, గడియారంలో ఎనిమిది.

సరిగ్గా అప్పుడే మూడో అంతస్తు లెక్కల మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయనకూ నాకూ నాలుగు నెలలుగా మాటల్లేవు. నేను పూలకుండీలకు పోసిన నీళ్లు కారి, కింద బాల్కనీలో ఆయన దిద్దుతున్న పరీక్ష పేపర్లు తడిసిపోయాయి. ఆయన ఒక మాటన్నారు, నేను పది అన్నాను. ఇప్పుడాయన గోడకేసి చూస్తూ, "తాగడానికి నీళ్లు లేవు. మా క్యాన్లు ఎప్పుడిస్తారో కనుక్కుందామని" అన్నారు.

కోపంగా ఏదో అనబోయాను. ఏడుపొచ్చింది. "క్యాన్లేంటి మాస్టారూ, లిఫ్టే బాగవలేదు. మా అత్తయ్య చీర కట్టుకుని కూర్చున్నారు" అన్నాను.

ఆయన లోపలికి తొంగి చూశారు. వెనక్కి తిరిగి దిగిపోయారు. చూశావా ఈ మనిషి బుద్ధి, అనుకున్నాను. ఐదు నిమిషాల్లో మళ్లీ వచ్చారు. భుజాన చేతులున్న చెక్క కుర్చీ, వెనక కండక్టరు, వాచ్‌మన్, రెండో అంతస్తు తుమ్ముల బాబాయి. దుమ్ము కనబడితే చాలు ఏకధాటిగా పది తుమ్ములు తుమ్మే మనిషాయన. "కుర్చీలో కూర్చోండి పెద్దమ్మా. మేం నలుగురం దించేస్తాం" అన్నాడు కండక్టరు.

అత్తగారు నలుగురినీ ఒక్కొక్కరిగా చూశారు. ఏదో చెప్పబోయి ఆగినట్టనిపించింది. నాకు గుర్తుంది. తర్వాత బుద్ధిగా వచ్చి కూర్చున్నారు. కూర్చున్న మరుక్షణం ముప్పై ఏళ్ల సర్వీసు బయటికొచ్చింది.

"మాస్టారూ, మీరు పొడుగు, కింద వైపు పట్టుకోండి. కండక్టరు బాబూ, వీపు వైపు నువ్వు. నడుము వంచకు, మోకాళ్లు వంచు. ఆఁ, ఇప్పుడు ఒకటి, రెండు, మూడు!"

డెబ్బై రెండు మెట్లు. మాస్టారు ప్రతి మెట్టూ పైకి లెక్కపెట్టారు. నేను చేతికర్ర పట్టుకుని, వెనకాలే ఊపిరి బిగబట్టి నడిచాను. మూడో అంతస్తు మలుపులో బాబాయి ముక్కు ఎగబీల్చారు. "ఒరే బాబాయ్, తుమ్మావంటే చంపుతా!" అని కండక్టరు అరిచాడు. "దించండి, దించండి! తుమ్మనివ్వండి పాపం" అన్నారు అత్తగారు. కుర్చీ దించారు. బాబాయి తొమ్మిది తుమ్మారు. పదోదాని కోసం అందరం కాసేపు ఎదురుచూశాం. అది రాలేదు. మళ్లీ ఒకటి, రెండు, మూడు.

కిందికి చేరేసరికి మాస్టారి చొక్కా తడిసి ముద్దయింది. నాలుగు నెలలు ఈ మనిషిని చూసి మొహం తిప్పుకున్నానా అని నా మీద నాకే అసహ్యమేసింది. "క్షమించండి మాస్టారూ" అన్నాను. "డెబ్బై రెండు" అన్నారాయన, ఇంకా లెక్కలోనే ఉండి.

అప్పుడే మా ఆయన బండి గేటులోకి వచ్చింది. తల్లినీ, కుర్చీనీ, చెమటలు కక్కుతున్న నలుగురినీ చూసి కొయ్యబారిపోయారు.

"ఇదేంటి? లిఫ్టు పనిచేస్తోందిగా!"

ఆయన వెళ్లి తలుపు తీశారు. లోపల లైటు వెలిగింది. ఇరవై క్యాన్లు బారుగా, బుద్ధిగా నిలబడి ఉన్నాయి. "ఐదింటికే తిప్పి చూశాను. అంతా బాగుంది. ఆ ఫోను రాగానే..." అంటూ బోర్డు వైపు చూసి నాలిక్కరుచుకున్నారు. "అయినా అమ్మకి చెప్పే వెళ్లానుగా!"

అందరం అత్తగారి వైపు తిరిగాం. ఆవిడ చీర కుచ్చెళ్లు సర్దుకుని, నా చేతిలో కర్ర అందుకున్నారు. "తొమ్మిదవుతోంది, పదండి" అన్నారు.

చర్చి మా వీధి చివరే. ముందు బెంచీ కుడి చివర ఖాళీగానే ఉంది. ఆరాధన అయ్యాక బయటికొస్తే, ఏ గుడికీ వెళ్లని లెక్కల మాస్టారు గేటు పక్క మెట్టు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. మిగతా ముగ్గురూ పక్కనే ఉన్నారు. "లిఫ్టు బాగైందిగా మాస్టారూ, ఇంకా ఎందుకు?" అన్నాను. "ఏమో, ఎందుకైనా మంచిదని" అన్నారు.

మేం వచ్చేసరికి మా ఆయన క్యాన్లు దించేసి, బోర్డులు తీసేశారు. లిఫ్టులో పట్టేది ఆరుగురే. అత్తగారు, ఆ నలుగురు, నేను. మా ఆయన శిక్షగా బోర్డులన్నీ చంకలో పెట్టుకుని మెట్లెక్కి పోయారు. తలుపు మూసుకున్నాక ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"తెలిసి కూడా ఎందుకు చెప్పలేదత్తయ్యా? పాపం, వీళ్ల నడుములు పడిపోయాయి."

"తప్పేనమ్మా" అన్నారు ఆవిడ. "చెబుదామనే నోరు తెరిచాను. కానీ ముప్పై ఏళ్లు ఊరందరినీ మోశాను, నన్నెవరూ మోయలేదు. పోయాక ఎలాగూ నలుగురు మోస్తారు, వాళ్ల మొహాలు నేను చూడలేను కదా. ఇవాళ చూసుకున్నాను."

మాస్టారు పేపరు మడతపెట్టారు. బాబాయి ముక్కు తుడుచుకున్నారు, ఈసారి తుమ్ము వల్ల కాదు. అంతలో పైనుంచి, నాలుగో అంతస్తు నుంచి మా ఆయన గొంతు కంగారుగా వినిపించింది.

"ఏమైందే? మళ్లీ ఆగిపోయిందా?"

అప్పుడు చూసుకున్నాం, బటన్ ఎవరమూ నొక్కలేదు.

"బాగానే ఉందిరా!" అని అత్తగారు పైకి కేకేశారు. "వస్తున్నాం, కాస్త ఆగు."